ఏడడుగులు జరిగిన తుమ్మచెట్టు

ఆ రోజు పొద్దున రఘుపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే ఊరికి తూర్పున ఉన్న చెలకలు కొలవాలి, ఇంటికొచ్చి జొన్నరొట్టె తినాలి, ఆపైన పొద్దుగూకేదాకా పడుకోవాలి. ఇట్లా మూడు రోజులు చేస్తే ఊరి పటం, అదే నక్ష, అయిపోతుంది. నాలుగో రోజు బాపు కోడిని కోయిస్తానన్నాడు. పందొమ్మిదేళ్ళవాడికి అంతకంటే పెద్ద కోరికలు ఉండాల్సిందే. కానీ పోలీసు చర్య జరిగి ఏడాదైనా తిరగని ఆ ఎండాకాలంలో, హుజూర్‌నగర్‌కు ఏడు మైళ్ళ దూరంలోని రాళ్లచెల్కలో ఎవరికీ పెద్ద కోరికలు లేవు. కాసేపు కూర్చోనిస్తే చాలుననుకునేవాళ్ళే అందరూ.

రఘుపతి మిలిటరీ కాలేజీలో చదువుతున్నాడు. కవాతులో ఫరవాలేదు, తుపాకి పేలిస్తే గురి తప్పదు. నక్షల పరీక్ష ఒక్కటే కొరుకుడు పడలేదు. రెండుసార్లు తప్పాడు. మొదటిసారి వాగును గుట్ట మీదుగా పారించాడు. రెండోసారి కాలేజీ చుట్టుపక్కలన్నీ గీసి కాలేజీని మరిచిపోయాడు. నక్షలు నేర్పే కప్తాను విసిగిపోయి ఆఖరి మాట చెప్పేశాడు. ఈ సెలవుల్లో సొంత ఊరి నక్ష గీసుకొని రావాలి. సరిగ్గా ఉంటే కాలేజీలో ఉంటాడు, లేకపోతే పెట్టె సర్దుకొని ఇంటికి పోతాడు. ఆ కప్తానుకు సూత్రం ఒక్కటే: నోటుబుక్కులో రాసుకున్నదే నక్షలోకి రావాలి, మనసులో గుర్తున్నది రాకూడదు.

సాయానికి ఇద్దరు స్నేహితులు వెంట వచ్చారు. కోస్గి దర్జీ కొడుకు పీర్ మహమ్మద్ చేతిరాత చక్కగా ఉంటుంది కాబట్టి సిరాతో గీసే పని అతనిది. యాదగిరిగుట్ట దగ్గరి ఎల్లస్వామి కంపాసు పట్టుకొని, నోటుబుక్కులో పెన్సిలుతో రాస్తాడు. కూర్చొని చేసే పని ఏదో కనుక్కుని మరీ తీసుకున్నాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే పని మాత్రం రఘుపతిది.

చిక్కల్లా ఒక్కటే. పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో తెలియదు. కొడుకు కాలేజీలో ఫస్టని తండ్రి గుర్వయ్య ఊరంతా చెప్పుకున్నాడు. ఆయనకు అట్లా చెప్పింది రఘుపతే. మొదట ఉత్తరంలో ఒక్క మాట రాశాడు, తరువాత దాన్ని వెనక్కి తీసుకునే వీలు దొరకలేదు.

తూర్పు చెలకలో ఉప్పలమ్మ ఎదురుపడింది. కమ్యూనిస్టు సంఘంవాళ్ళు దున్నుకొమ్మని ఆమెకు ఎకరం పంచారు. పారిపోయిన దొర మళ్ళీ ఊళ్ళోకి వచ్చాక అందులో ముప్పాతిక పోయి పావు మిగిలింది. తుమ్మచెట్టు పక్కన హద్దురాయి పాతి, ఇటు నీది, అటు దొరది అన్నారు. ముసలామె ఆ పావెకరం గట్టు మీదే పొద్దంతా కూర్చుంటుంది, అది కూడా ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని.

"ఏంది బిడ్డా, లెక్కవెడుతున్నవు?"

రఘుపతి రెండు వందల నాలుగు దగ్గర ఉన్నాడు. నోరు తెరిస్తే లెక్క పోతుంది. చెయ్యి ఊపి ముందుకు నడిచి, రెండు వందల పన్నెండు దగ్గర రాయిని, చెట్టును ఎల్లస్వామికి చూపించాడు.

"నిన్నే అడిగేది. నా చెలక దేనికి కొలుస్తున్నవు?"

'పరీక్ష తప్పిన అవ్వా' అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అతను ఛాతీ విరిచి, "సర్కారు పని అవ్వా. బయటికి చెప్పరాదు," అన్నాడు.

ఆ మాట ముగ్గురికంటే ముందే ఊళ్ళోకి చేరింది. కాగితం పట్టుకొని వచ్చినవాళ్ళను ఆ ఊరు చాలామందిని చూసింది. పట్వారీ రాసుకున్నాడు, పన్ను పెరిగింది. లెవీవాళ్ళు రాసుకున్నారు, గాదె ఖాళీ అయింది. రజాకార్లు పేర్లు రాసుకున్నారు, ఊరే ఖాళీ అయింది. ఇప్పుడు దొర బంగళా అయిన గడిలో యూనియన్ మిలిటరీ కాంపు పెట్టి, గుట్టల్లోని కమ్యూనిస్టు దళానికి అన్నం పెట్టినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నది. అందుకని రాసేవాణ్ణి చూస్తే జనం వాదించడం మానేశారు. రాసేది దొరకకుండా చేయడమే నేర్చుకున్నారు.

ఉప్పలమ్మ ఆ సాయంత్రం తమ్ముడి కొడుకులను పిలిపించి హద్దురాయిని ఏడడుగులు దొర భూమిలోకి జరిపించింది. జరిపాక చూస్తే తుమ్మచెట్టు పాతచోటే నిలబడి సాక్ష్యం చెబుతున్నది. దాన్ని మొదలంటా నరికించి, మొద్దు మీద మట్టి పోయించింది. మోటబావి ఉన్న మల్లప్పకు ఇంకో భయం పట్టుకుంది. బావి కనబడితే మెట్టభూమిని నీళ్ళు పారే తరి కింద రాసి పన్ను పెంచుతారు. అతను బావి మీద కర్రలు పరిచి కంపతో కప్పేశాడు.

గుర్వయ్య కొడుకునే అడిగాడు.

"నాకన్న చెప్పరాదా బిడ్డా? దేనికిరా కొలుసుడు?"

"చెప్పరాదు బాపూ."

గుర్వయ్యకు కొడుకు కొడుకే, సర్కారు సర్కారే. గడ్డివామును చూస్తే గింజ ఎంత పండిందో తెలిసిపోతుంది కాబట్టి, చీకటి పడకముందే ఇంటి పక్కనున్న వామును మోపులు మోపులుగా మోసుకెళ్ళి తాటిచెట్ల వెనక పెట్టుకున్నాడు.

రెండో రోజు రఘుపతి నిన్నటి లెక్క సరిచూసుకుందామని మళ్ళీ గడి దారి నుంచే మొదలుపెట్టి నడిచాడు. రాయి దగ్గరికి వచ్చేసరికి రెండు వందల పందొమ్మిది అయింది.

"నిన్న పన్నెండే అన్నవు గదరా," అన్నాడు ఎల్లస్వామి.

"నిన్న తప్పు లెక్కవెట్టిన్నేమో."

"మరి చెట్టేది? నిన్న ఈడ్నే తుమ్మచెట్టుండె."

గట్టు మీద కూర్చున్న ఉప్పలమ్మ తలెత్తకుండానే, "ఏం చెట్టు బిడ్డా? ఎండకు కండ్లు తిరిగినయేమో, ఇన్ని నీళ్ళు తాగుండ్రి," అంది.

రెండుసార్లు తప్పినవాడికి తన మీద తనకు నమ్మకం ఎక్కడిది? ఊరు మొత్తం ఒక మాట, తనొక్కడూ ఒక మాట అయినప్పుడు తప్పు తనదేనని రఘుపతికి అలవాటైపోయింది. మళ్ళీ వెనక్కి పోయి కొలిచాడు. రెండు వందల పందొమ్మిదే వచ్చింది. మూడోసారి పోదామంటే కాళ్ళు రానన్నాయి.

పీర్ మహమ్మద్ తగువు తీర్చాడు. "రాయి పక్కన చెట్టని నోటుబుక్కుల రాసుంది. కప్తాన్ సాబ్ ఏమన్నడు? రాసిందే గీయాలె అన్నడు. రాయి ఏడడుగులు జరిగితే చెట్టు గూడ జరగాలె." అంటూ బ్లేడుతో నిన్నటి సిరా గీకి, చెట్టును రాయి పక్కనే చక్కగా దించాడు. ఆపైన తాటిచెట్ల వెనకకు వెళ్ళి అక్కడున్న గడ్డివామునూ గీశారు. పొలం గట్టున నిలబడి అది చూసిన గుర్వయ్యకు గుండె జారిపోయింది. మర్నాటికల్లా వాము అక్కడా లేదు. మల్లప్పకు బావి మీద పరవడానికి గడ్డి కావాలి, గుర్వయ్యకు గడ్డి దాచే చోటు కావాలి. ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు.

మూడో రోజు రఘుపతి బావి కోసం వెతికాడు. చిన్నప్పుడు అందులో ఈత నేర్చుకున్నాడు. ఇప్పుడు చూస్తే పరిచిన గడ్డి తప్ప ఏమీ లేదు.

"మల్లప్ప మామా, బావేది?"

"ఎప్పుడో పూడింది గద బిడ్డా," అన్నాడు మల్లప్ప చుట్ట వెలిగించుకుంటూ. "నువ్వు పట్నం పోయినంక."

కప్తాను సూత్రం ప్రకారం గుర్తున్నది గీయకూడదు. గీయలేదు. బావి లేని నక్షకు పీర్ మహమ్మద్ చివరి గీత గీసి సిరా ఆరబెట్టాడు. మూడు రోజుల పని అయిపోయింది. అందరికంటే తక్కువ నడిచిన ఎల్లస్వామి అందరికంటే ఎక్కువ అలిసిపోయి, నోటుబుక్కు జేబులో పెట్టుకొని, "అబ్బ, పరుపు లెక్కున్నది," అంటూ ఆ గడ్డి మీద వెల్లకిలా పడ్డాడు.

కర్రలు విరిగాయి. గడ్డి, కంప, కంపాసు, ఎల్లస్వామి అంతా ఒకేసారి కిందికి వెళ్ళిపోయారు. నడుముదాకా నీళ్ళున్నాయి కాబట్టి ప్రాణం దక్కింది.

"రఘుపతీ!" అని లోపలి నుంచి కేక వచ్చింది. "రాసుకోరా! బావి యాడికీ పోలే!"

రఘుపతి మల్లప్పవైపు చూశాడు. మల్లప్ప చుట్టవైపు చూసుకున్నాడు. రాయి, చెట్టు, వాము, బావి అన్నీ అప్పుడు ఒకదాని తరువాత ఒకటి తలకెక్కాయి. మూడు రోజులుగా తప్పింది తన లెక్క కాదు, ఊరు. అతనికి కోపం రావాల్సింది, రాలేదు. గట్టు మీద కూలబడిపోయాడు. ఎల్లస్వామి కేకలకు పొలాల మీదుగా గస్తీ తిరుగుతున్న జవాన్లు ఇటు మళ్ళారు. అప్పటిదాకా గొంతు చించుకుంటున్న ఎల్లస్వామి బూట్ల చప్పుడు విని టక్కున నోరు మూసుకున్నాడు, మల్లప్ప మిగిలిన కంపను బావి మీదికి లాగేశాడు. అందుకని జవాన్లకు దొరికింది ఇద్దరు కుర్రవాళ్ళు, ఒక నక్ష.

గడి వరండాలో సుబేదారు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఎక్కడో పంజాబు మనిషి, మూడు నెలలుగా ఈ గుట్టల్లో దళాన్ని వెతుకుతూ తిరిగి తిరిగి అరికాళ్ళు పగిలిపోయాయి. అతను హిందీలో అడిగేదాన్ని పీర్ మహమ్మద్ రఘుపతికి చెబుతున్నాడు.

"నీ పేరు చూస్తే రజాకారువి. పని చూస్తే కమ్యూనిస్టువి. ఏదో ఒకటి చెప్పు," అన్నాడు సుబేదారు పీర్ మహమ్మద్‌తో.

పోలీసు చర్య నాటి నుంచి, ఎనిమిది నెలలుగా, ఎవరు ఆపినా మొదట తన పేరే అడుగుతున్నారు. చెప్పి చెప్పి పీర్ మహమ్మద్ విసిగిపోయాడు. "మీరే ఒకటి ఖాయం చేయండి సాబ్. రెండు డ్యూటీలు నాతో కాదు," అన్నాడు.

సుబేదారుకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. సెలవు చీటీలు తెప్పించి చూశాడు. చీటీలు ఎవరైనా రాసుకోవచ్చునన్నాడు. చివరికి నక్షను మోకాలి మీద పరుచుకొని తీర్పు చెప్పాడు. "మిలిటరీ కాలేజీవాళ్ళే అయితే నక్ష తప్పు పోదు. రేపు పొద్దున ఈ కాగితం పట్టుకొని నడుద్దాం. సరిగ్గా ఉంటే సంతకం చేసి పంపిస్తా. తప్పుంటే, దళానికి గూఢచారులని రాసి నల్లగొండ జైలుకు తోలుతా."

గడి కొట్టంలో ఇద్దరినీ కూర్చోబెట్టి తలుపు వేశారు. రఘుపతి మెల్లగా అన్నాడు. "అరేయ్ పీరూ, మనం నిజంగ కాలేజోళ్ళమే గదరా."

"మనం నిజమేరా. నక్షనే అబద్ధం," అని పీర్ మహమ్మద్ గోడకు ఒరిగి కళ్ళు మూసుకున్నాడు.

రఘుపతికి మాత్రం కన్ను మూతపడలేదు. జైలు సంగతి తరువాత. జైలుకు పోయేముందు బాపు ఎదుట, ఊరి ఎదుట నిలబెట్టి అడిగితే ఏం చెప్పాలి? ఫస్టు వచ్చేవాడు సొంత ఊరి చెట్టు ఎక్కడుందో తెలియదంటాడా? ఆ ఉత్తరంలో ఆ ఒక్క మాట రాయకపోతే ఎంత బాగుండేదోననుకున్నాడు. కాలేజీ పోతుందనే భయంకంటే బాపు మొహం చూడాలనే భయమే అతన్ని ఎక్కువ నలిపేసింది.

తెల్లారింది. సుబేదారు, ఆరుగురు జవాన్లు, నక్ష, ఇద్దరు ముద్దాయిలు గడి దారి నుంచి బయలుదేరారు. రఘుపతిని గట్టిగా లెక్కపెట్టమన్నారు. రెండు వందలు దాటాక అడుగులు నెమ్మదిగా వేశాడు, ఆలస్యంగానైనా చేరదామని. రెండు వందల పందొమ్మిది అన్నాడు, తలెత్తాడు.

హద్దురాయి ఉంది. దాని పక్కనే తుమ్మచెట్టు ఉంది.

అతను కళ్ళు నులుముకున్నాడు. చెట్టు ఆకులు వేలాడిపోయి ఉన్నాయిగానీ, ఆ ఎండల్లో ఏ చెట్టు ఆకులు నిటారుగా ఉన్నాయి కనుక? మొదలు చుట్టూ రాళ్ళు పేర్చి, కొత్త మట్టి తొక్కి ఉంది. ఉప్పలమ్మ దానికి వీపు ఆనించి, కాళ్ళు రెండూ నేలకు తన్నిపెట్టి కూర్చుంది. ఆమె చెట్టుకు ఆనుకున్నదో, చెట్టే ఆమెకు ఆనుకున్నదో చెప్పడం కష్టం. నీడ చూసి సుబేదారు అటు నడిచాడు.

"చీమలున్నయి సారూ! ఎర్రచీమలు! దూరముండు," అంది ఉప్పలమ్మ లేవకుండానే.

పీర్ మహమ్మద్ ఆ మాటను ఇంకాస్త పెద్ద చీమలు చేసి హిందీలో చెప్పాడు. సుబేదారు వెనక్కి తగ్గి నక్షలో చెట్టు దగ్గర టిక్కు పెట్టాడు.

తాటిచెట్ల వెనక గడ్డివాము ఉంది. మొన్నటికంటే కాస్త చిక్కింది, అంతే. దానికీ టిక్కు పడింది. దారి మలుపు, కల్లం, రాళ్ళ కుప్ప అన్నీ గీసినచోటే ఉన్నాయి. రఘుపతికి సంతోషం కలగలేదు. తనకు పిచ్చి పట్టిందనే అనుకున్నాడు.

చివరికి మల్లప్ప చెలక వచ్చింది. నక్షలో అక్కడ ఏమీ లేదు, ఎదురుగా కూడా పరిచిన గడ్డి తప్ప ఏమీ లేదు. సుబేదారు అడ్డంగా దాని మీదుగానే నడవబోయాడు. ఆ గడ్డి కింద ఏముందో రఘుపతికి తెలుసు. ఆపితే బావి బయటపడుతుంది, ఆపకపోతే సుబేదారు లోపల పడతాడు.

గడ్డికి ఇవతల ఒక మంచం వేసి ఉంది. దాని చుట్టూ వేపకొమ్మలు గుచ్చి ఉన్నాయి. మంచం మీద ఒళ్ళంతా పసుపు పూసుకొని, వాచిన కాలు చాపుకొని ఎల్లస్వామి మూలుగుతున్నాడు. మల్లప్ప చేతులు జోడించి అడ్డం వచ్చాడు.

"అటు రాకుండ్రి సారూ! పిల్లగానికి అమ్మవారు పోసింది!"

మశూచి అనే మాట హిందీలో చెప్పడానికి పీర్ మహమ్మద్ అవసరం కూడా లేకపోయింది. వేపకొమ్మలు చూడగానే సుబేదారు పది బారలు వెనక్కి ఉరికాడు, జవాన్లు ఇరవై బారలు ఉరికారు. పొలం చుట్టూ తిరిగి గడి చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు. అక్కడ అతను పీర్ మహమ్మద్ చేత నక్షకు ఇంకో కాపీ గీయించుకొని కాంపులో ఉంచుకున్నాడు. రెండింటి మీదా ముద్ర కొట్టి, 'నడిచి చూశాను, అడుగు కూడా తేడా లేదు' అని రాసి సంతకం చేశాడు. మూడు నెలల్లో తనకు ఈ ఊళ్ళో దొరికిన నిజమైన కాగితం ఇదొక్కటేనని మెచ్చుకున్నాడు కూడా.

గడి బయట గుర్వయ్య నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, బట్టల నిండా గడ్డి నలుసులు. పీర్ మహమ్మద్ ఎల్లస్వామిని చూడ్డానికి ముందుకు పోయాడు. తండ్రీ కొడుకులు మిగిలారు.

"బాపూ, నీకొక మాట చెప్పాలె," అన్నాడు రఘుపతి. "నేను ఫస్టు గాదు."

"తెలుసు."

"రెండుసార్లు ఫేలైన."

"తెలుసురా. ఎల్లస్వామి చెప్పిండు. మోట తాడుతోని బావిలకెళ్ళి గుంజినంక మొట్టమొదలు గదే చెప్పిండు." గుర్వయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఆయన బుక్కు ఎండవెట్టుకొని మంచమ్మీద పన్నడు. నలుగురం మోసినం. గీడ చెట్టు, గాడ వాము అని చెప్పుకుంట పోయిండు, మేం పెట్టుకుంట పోయినం."

"ఊరోళ్ళు ఎట్ల ఒప్పుకున్నరు బాపూ?"

"ఉత్తగ ఒప్పుకుంటరా? సర్కారు పనంటె సచ్చినా రామన్నరు. ఇంటింటికి పోయిన. సర్కారు గాదు, లెవీ గాదు, నా కొడుకు పరీక్షల తప్పిండు, గదే సంగతి అన్న. ముప్పై రెండిండ్లు. ఇంటికొక్కసారి చెప్పిన."

ఇన్నాళ్ళూ ఆ ఇళ్ళ ముందే నిలబడి కొడుకు ఫస్టని చెప్పుకున్న మనిషి. రఘుపతికి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిందో, ప్రేమతో వచ్చిందో అతనికే తెలియదు.

"ఏడువకు. నడువు," అన్నాడు గుర్వయ్య. "కోడిని కోసిన. మీ ఎల్లస్వామి అప్పుడే సగం తిన్నడు."

తుమ్మచెట్టు వారంలో ఎండిపోయింది. పై నెలలో దొర మనుషులు వచ్చి హద్దు జరిగిందని గొడవ చేస్తే, సుబేదారు ముద్ర ఉన్న నక్ష తెప్పించి చూపించి వాళ్ళనే కసిరి పంపాడు. ఆ ఏడడుగుల చెలకలో ఉప్పలమ్మ ఆముదాలు వేసుకుంది. ఇంత కాలానికి కాగితం ఒకటి తన వైపు మాట్లాడిందంటే ఆమె నమ్మలేదు, గట్టు మీద కాపలా కూడా మానలేదు.

కాలేజీ తెరిచాక కప్తాను ఆ నక్షను సర్కారు పాత సర్వే కాగితంతో పక్కపక్కన పెట్టి గంటసేపు చూశాడు. చెట్టు కలవలేదు, బావి కలవలేదు. కానీ నడిచి చూసిన సుబేదారు సంతకం కళ్ళ ముందు ఉంది. ఇక చేసేదేమీ లేక పాత సర్వేనే తప్పని రాసి, రఘుపతిని నక్షల్లో ఫస్టు చేశాడు. నూటికి తొంభై ఎనిమిది వేశాడు. బావి చూపనందుకు రెండు మార్కులు తీశాడు.